పుట్టగొడుగుకు పట్టిన బూజు

తొలకరి వానలు పడి, నాలుగు ఉరుములు ఉరిమిన మరునాటి ఉదయం పుట్టల చుట్టును, పొలంగట్ల మీదను తెల్లని గొడుగులు లేచి నిలవడం మన పల్లెలలో పెరిగినవారందరూ ఎరిగిన విషయమే. ఉరుములకే అవి పుడతాయని పెద్దలు చెప్పేవారు. విత్తినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు. రాత్రికి రాత్రి మొలిచి తెల్లవారేసరికి నిలిచినవి. అందుచేతనే కాబోలు, కారణం తెలియకుండా గుంపులు గుంపులుగా వెలిసేవాటిని పుట్టగొడుగులతో పోల్చడం మన భాషలో ఒక వాడుక అయినది.

కాని ఆ పేరులోనే ఒక సత్యం దాగి ఉన్నది. పుట్టమీది గొడుగు అకారణంగా లేచినది కాదు. పుట్టలోపల చెదపురుగులు నమిలిన కర్రపిప్పితో తేనెతుట్టెవంటి అరలు కట్టి, వాటిపై ఒక శిలీంధ్రాన్ని తోటవలె పెంచుకుంటాయి. మనము ఏరి తెచ్చి కూర వండుకొనేది ఆ తోటనుంచి నేలపైకి లేచిన పంటనే. చెదపుట్టలలోని ఈ శిలీంధ్రాలను గురించి 1779లోనే వ్రాసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. తంజావూరు ప్రాంతంలో పుట్టలు త్రవ్వించి చూచిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు 1785లో మన కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూసినాడు.

ఈ విధంగా మనిషికంటె ఎంతో ముందే పురుగు పుట్టగొడుగుల సేద్యం నేర్చినది. సేద్యం ఉన్నచోట చీడ ఉండక తప్పదు. వరికంకిని కొరికే ఎలుక వేరే జాతిది. మిరపచెట్టును పీల్చే పురుగు వేరే జాతిది. పుట్టగొడుగుకు పట్టే ముఖ్యమైన చీడ మాత్రం దాని వంశంలోనిదే. అది మరొక శిలీంధ్రం, మన వాడుకమాటలో ఒక బూజు. దానికి కోరలు లేవు, గోళ్లు లేవు. దాని ఆయుధాలన్నీ రసాయనాలే. ఆ ఆయుధాలను మనిషి ఒక్కొక్కటిగా ఎట్లా గుర్తించినాడో ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేయదలచినాము.

కథ పారిస్ నగరంలో మొదలుపెట్టవలసి ఉన్నది. కొయ్యదుంగలమీద పుట్టగొడుగులు పెంచడం చైనాలో ప్రాచీనమైన విద్యే అయినా, నేడు బజారులో తెల్లని బొత్తాములవలె దొరికే జాతిని మచ్చిక చేసినది ఫ్రాన్సు తోటమాలులు. గుర్రపులద్దిని పులియబెట్టి దానిమీద వీటిని పెంచే పద్ధతిని 1707లో టూర్నెఫార్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పారిస్ శాస్త్ర పరిషత్తుకు వివరించినాడు. 1810 ప్రాంతంలో ఈ సేద్యం భూమిలోపలికి దిగినది. నగరంలోని మేడలు కట్టడానికి సున్నపురాయి త్రవ్వితీసిన గనులు పారిస్ క్రింద సొరంగాలై మిగిలినవి. ఎండ లేదు, గాలివాన లేదు; వేసవిలోను చలికాలంలోను దాదాపు ఒకే చల్లదనం. నగరంలో వేలాది గుర్రాలు ఉండడంచేత ఎరువుకు కొదవ లేదు. దీపాలు పట్టుకొని సొరంగాలలో వంగి నడిచే కూలీలు, వరుసవరుసలుగా ఎరువు కట్టలు, వాటిమీద పరచిన మన్ను, మన్నును చీల్చుకొని వచ్చే తెల్లని గుండీలు. 19వ శతాబ్దంలో ఇదొక పెద్ద పరిశ్రమ అయినది.

ఆ సొరంగాలలోనే శత్రువుకూడ స్థిరపడినాడు. గుండీగా లేవవలసిన పుట్టగొడుగు గొడుగు, కాడ అనే భేదం లేకుండా ఒక ముద్దగా ఉబ్బిపోయేది. పైన తెల్లని నూగు. కొన్ని రోజులకు తేనెరంగు బొట్లు చెమటవలె పట్టి, ముద్దంతా కుళ్లి దుర్గంధం వేసేది. ఆకారం లేని మాంసపు ముద్దకు వైద్యులు వాడే 'మోల్' అనే మాటనే ఈ తెగులుకు పేరు పెట్టినారు. దీనికి కారణమైన బూజును 1880ల చివర జర్మనీలో మాగ్నస్ అనే పండితుడు గుర్తించి, వినాశకరమైనది అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టినాడు. నేటికీ శాస్త్రజ్ఞులు దీనిని మైకోగోన్ పెర్నిసియోసా అనే వ్యవహరిస్తారు. 1892లో కోస్తాంతాన్, డ్యుఫూర్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పారిస్ గనులలోని మోల్ తెగులును గురించి విపులంగా వ్రాసినారు.

ఆనాటి సాగుదారులు ఒక పాదునుంచి తీసిన బూజుపట్టిన ఎరువునే మరొక పాదుకు విత్తనంగా వేసేవారు. విత్తనంతోపాటు వ్యాధులూ వెళ్లేవి. 1894 ప్రాంతంలో కోస్తాంతాన్, మత్రుషో అనే శాస్త్రజ్ఞులు సిద్ధబీజాలను పరిశుభ్రమైన గాజుగొట్టంలో మొలకెత్తించి కల్తీలేని విత్తనం తయారుచేసినారు. 1905లో అమెరికాలో డగ్గర్ పుట్టగొడుగు లోపలి కండనుంచే విత్తనం తీసే సులభమైన మార్గం చూపినాడు. ఇక తెగుళ్లు పోతాయని అందరూ ఆశపడినారు. పోలేదు. మైకోగోన్ వచ్చే దారి విత్తనం ఒక్కటే కాదు. ఎరువుకట్టమీద పరచే మన్నులో దాని మందపు గోడల బీజాలు ఎంతకాలమైనా ఓపికగా పడి ఉండగలవు. విత్తనం శుద్ధమైనా నేల శుద్ధం కాలేదు. పంట క్షీణించిన గనిని విడిచిపెట్టి మరొక గనికి మారడమే చాలమందికి మిగిలిన ఉపాయం.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. నోరు, కడుపు లేని బూజు మరొక బూజును ఎట్లా తినగలదు?

దీనికి సమాధానం తెలియవలెనంటే పుట్టగొడుగు ఒంటి గోడ దేనితో కట్టబడినదో తెలియవలెను. పారిస్ గనులలో సాగు మొదలైన రోజులలోనే, 1811లో, నాన్సీ నగరంలో బ్రాకన్నో అనే రసాయన శాస్త్రజ్ఞుడు పుట్టగొడుగులనుంచి ఒక గట్టి పదార్థాన్ని వేరుచేసినాడు. కొన్నేళ్లకు పురుగుల రెక్కలపై పెంకులలోకూడ అటువంటిదే కనబడినది. దానినే నేడు కైటిన్ అంటున్నాము. రొయ్య పొట్టు, పీత డిప్ప, పుట్టగొడుగు గోడ, ఈ మూడింటిలోను ఉన్నది ఆ పదార్థమే. చెట్టు గోడలో ఉండే సెల్యులోజ్‌కు బదులు శిలీంధ్రం కైటిన్‌ను, గ్లూకాన్ అనే మరొక పదార్థాన్ని పెనవేసి గోడ కట్టుకుంటుంది.

ఆ గోడకు కన్నంవేసే పనిముట్టు ఎంజైము. మన నోటిలోని లాలాజలం అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టినట్లే, పరాన్నభుక్కు అయిన బూజు కైటిన్‌ను కరిగించే ఎంజైమును, గ్లూకాన్‌ను కరిగించే ఎంజైమును, మాంసకృత్తులను కరిగించే ఎంజైమును తన తంతువుల కొనలనుంచి బయటకు స్రవింపజేస్తుంది. గోడ మెత్తబడుతుంది, లోపలి సారం బయటకు ఊరుతుంది, బూజు దానిని పీల్చుకుంటుంది. మనము తిని అరిగించుకుంటాము. అది అరిగించుకొని తింటుంది. భేదం ఇంతే.

అయితే కన్నంవేసేముందు కాపలావానిని పడగొట్టే పద్ధతికూడ దొంగలకు ఉన్నది. ఆ రహస్యాన్ని బయటపెట్టినవాడు వైండ్లింగ్. ఆయన అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో నిమ్మజాతి మొక్కల మొలకకుళ్లును పరిశీలిస్తూ, 1932లో ట్రైకోడెర్మా అనే మట్టిబూజు ఇతర శిలీంధ్రాల తంతువులకు తీగవలె చుట్టుకొని వాటిని చంపడం చూచినాడు. చుట్టుకొనడంవల్లనే చావు కలుగుతున్నదా? కాదని 1934లో తేల్చినాడు. బూజు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, బూజు లేకుండా ఆ ద్రవాన్ని మాత్రమే తగిలించినా శత్రువు చచ్చినది. 1936లో ఎమర్సన్‌తో కలిసి ఆ విషాన్ని స్ఫటికాలుగా వేరుచేసినాడు. దానికి గ్లియోటాక్సిన్ అని పేరు. గంధకపు పరమాణువులు జంటగా కూడి ఉండే ఈ పదార్థపు నిర్మాణం 1958లోగాని పూర్తిగా తేలలేదు. పెన్సిలిన్ బూజు బాక్టీరియాలను చంపే కథ లోకమంతా ఎరుగును. బూజు బూజును చంపే ఈ కథ అంత ప్రసిద్ధికెక్కలేదు.

ట్రైకోడెర్మా జాతులలో కొన్ని గాలిలోకి వదిలే ఆవిరులకుకూడ ఇతర శిలీంధ్రాల పెరుగుదలను అణచే శక్తి ఉన్నది. వాటిలో ఒకటి అచ్చంగా కొబ్బరి వాసన వేస్తుంది. ప్రయోగశాలలో గాజుమూత తీయగానే పచ్చికొబ్బరి కోరిన వాసన వస్తే, అక్కడ ట్రైకోడెర్మా ఉన్నదని అనుభవజ్ఞులు అనుమానిస్తారు.

మరల సాగుదారు పాకలోకి వద్దాము. 1933లో ఇంగ్లండులో వేర్ అనే శాస్త్రజ్ఞుడు మరొక తెగులును వర్ణించినాడు. ఈ బూజును నేడు లెకానిసిలియమ్ ఫంగికోలా అంటారు. మైకోగోన్ పట్టిన ముద్ద తడిగా కుళ్లుతుంది. ఇది పట్టిన ముద్ద పొడిగా, బూడిదరంగుగా, తోలువలె ఉంటుంది. పిందెలో పట్టితే ముద్ద. కొంచెం పెరిగిన తరువాత పట్టితే కాడ చీలి వంకరపోతుంది. బాగా ఎదిగినాక పట్టితే గొడుగుమీద గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలకూ ఒక అర్థం ఉన్నది. గాయపడిన పుట్టగొడుగు తన లోపలి రసాయనాలను నల్లగా మార్చి గోడకు అడ్డుకట్ట వేసుకునే ప్రయత్నం అది. కోసిన వంకాయ నల్లబడడం వంటిదే ఇదికూడ. అంటే పుట్టగొడుగు ఊరకే లొంగిపోవడం లేదు, పోరాడుతున్నది. కాని బజారులో మచ్చపడిన సరుకును కొనేవారుండరు. విచిత్రమేమంటే, ఎరువులో వ్యాపించి ఉన్న పుట్టగొడుగు తంతువులను ఈ బూజు ముట్టుకోదు. పైకి లేచిన పంటనే పడుతుంది. ఎరువులో చేను పచ్చగా ఉన్నట్లే; కంకి మాత్రం చేతికి రాదు.

1985లో ఉత్తర ఐర్లండు పాకలలో ఇంతకంటె ఘోరమైనది కనబడినది. విత్తనం వేసిన ఎరువులో మొదట అంతా తెల్లగా, నిండుగా అల్లుకొన్నది. సాగుదారు సంతోషించినాడు. కొన్నిరోజులకు ఆ తెలుపులో కొంత ముదురు ఆకుపచ్చగా మారినది. అప్పుడుగాని అది పుట్టగొడుగు తెలుపు కాదని, శత్రువు తెలుపని తెలియలేదు. పచ్చబడిన చోటునుంచి ఒక్క గుండీకూడ లేవలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోయినది. 1990ల తొలినాళ్లలో అమెరికా, కెనడా దేశాలలోను ఇదే ఉపద్రవం వచ్చినది. మిరియపుపొడివలె గుంపులుగా కనిపించే ఎర్రనల్లులు, కూలీల బట్టలు, పనిముట్లు, ధూళి, అన్నీ దాని బీజాలను పాకనుంచి పాకకు మోసినవి.

ఇది ట్రైకోడెర్మా వంశంలోనిదేనని అందరికీ తెలిసినా, మట్టిలో మామూలుగా ఉండే జాతేనని మొదట భావించినారు. జన్యుపదార్థాన్ని పరీక్షించి 2002లో ఇది వేరే జాతి అని నిర్ణయించి ట్రైకోడెర్మా అగ్రెసివమ్ అని పేరు పెట్టినారు. ఐరోపాలోనిది ఒక రూపం, ఉత్తర అమెరికాలోనిది మరొక రూపం. ఆ మరుసటి సంవత్సరం, 2003లో, కెనడా పరిశోధకులు ఈ బూజు పుట్టగొడుగు ఎరువులోనే ఐసోకౌమరిన్ తరగతికి చెందిన ఒక విషాన్ని తయారుచేస్తున్నదని, అది పుట్టగొడుగు తంతువుల ఎదుగుదలను అణచివేస్తున్నదని చూపినారు. వైండ్లింగ్ గాజుపాత్రలో చూచినది ఇక్కడ సాగుదారు ఎరువుకట్టలోనే రుజువైనది. ఒకవైపు విషం ఎదుగుదలను ఆపుతుంది, మరొకవైపు ఎంజైములు గోడను కరిగిస్తాయి. అయితే అన్ని పుట్టగొడుగు రకాలూ ఒకే తీరుగా లొంగలేదు. గోధుమరంగు గొడుగు గల రకాలు తెల్లవాటికంటె కొంత నిలదొక్కుకున్నవి. తెల్లదనాన్ని కోరిన బజారే బలహీనమైన రకాన్ని పెంచి పోషించినదని ఒక విధంగా అనవచ్చును.

మందు చల్లి చంపకూడదా అని శ్రోతలు అడగవచ్చును. కష్టమంతా అక్కడే ఉన్నది. వరిలో తెగులుకు మందు చల్లితే వరి ఒక జాతి, తెగులు మరొక జాతి. ఇక్కడ పంటా శిలీంధ్రమే, తెగులూ శిలీంధ్రమే. ఒకదానిని చంపే మందు రెండవదానిని విడిచిపెట్టవలెను. అటువంటి మందులు బహు కొద్ది. 1970 ప్రాంతంలో బెనోమిల్ అనే మందు వచ్చి, పుట్టగొడుగుకు అంతగా హాని చేయకుండా ఎండుబుడిపె బూజును అదుపులో పెట్టినది. సాగుదారులకు దేవుడు దిగివచ్చినట్లు అయినది. అయిదారు సంవత్సరాలు గడవకముందే ఆ మందుకు లొంగని బూజులు తలయెత్తినవి. తట్టుకొనగలిగినవి మాత్రమే మిగిలి, వాటి సంతానమే పాకలను నింపినది. ఆ తరువాత వచ్చిన మందులతోను ఇదే కథ కొంత నిదానంగా నడిచినది. అందుచేత ఎంత ఆధునికమైన సాగులోనైనా నేటికీ పాతకాలపు జాగ్రత్తలే ముఖ్యం. తెగులుముద్దను తడికాగితంతో కప్పి, బీజాలు రేగకుండా దానిపై ఉప్పు పోయడం, పంట పూర్తికాగానే పాకను వేడి ఆవిరితో శుద్ధి చేయడం, ఈగలను రానీయకపోవడం, కొత్త పాకలో పని ముగించిన తరువాతనే పాత పాకలోకి వెళ్లడం. ఈ చివరి నియమాన్ని పాటించడానికి ఖర్చు లేదు. కాని దానిని మీరినందుకు అయ్యే ఖర్చు ఒక్కొక్కప్పుడు పంటంత ఉంటుంది.

మనిషికి మూడువందల సంవత్సరాలుగా ఎదురవుతున్న ఈ సమస్యను చీమలు కోట్ల సంవత్సరాలుగా ఎదుర్కొంటున్నవి. మధ్య, దక్షిణ అమెరికా అడవులలో ఆకులు కత్తిరించి మోసుకుపోయే చీమలున్నవి. ఆకులు తినడానికి కాదని, వాటిమీద శిలీంధ్రం పెంచడానికని 1874లో థామస్ బెల్ట్ అనే ఆంగ్లేయుడు ఊహించినాడు. 1893లో బ్రెజిల్‌నుంచి ఆల్‌ఫ్రెడ్ మోలర్ దానిని స్థిరపరచినాడు. చీమల తోటలు కలుపులేకుండా శుభ్రంగా ఉంటాయని చాలకాలం అందరూ నమ్మినారు. 1999లో కరీ అనే యువశాస్త్రజ్ఞుడు ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేసినాడు. ఆ తోటలలో ఎస్కోవోప్సిస్ అనే బూజు కాచుకొని ఉన్నది. చీమలను తీసివేస్తే కొద్దిరోజులలోనే అది తోటను కబళిస్తుంది. చీమల ఒంటిమీద తెల్లని పొడివలె కనిపించేది మైనమని అంతవరకు అనుకొన్నారు. అది నిజానికి ఆ బూజును అణచే మందును తయారుచేసే బాక్టీరియా అని ఆయన చూపినాడు. చీమ తన వైద్యుని తన ఒంటిమీదనే మోస్తున్నది!

దొంగకూడ ఊరకుండలేదు. ఎస్కోవోప్సిస్ రెండు రకాల విషాలు తయారుచేస్తున్నదని 2018లో వెల్లడైనది. ఒకటి చీమ ఒంటిమీది బాక్టీరియాను అణచుతుంది. మరొకటి చీమనే మందగింపజేసి కలుపుతీసే పని మాన్పిస్తుంది. మొదటి విషం వైండ్లింగ్ కనుగొన్న గ్లియోటాక్సిన్ తరగతికి చెందినదే. ఎస్కోవోప్సిస్, ట్రైకోడెర్మా, మైకోగోన్, ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందిన బూజులు. అంటే పారిస్ గనిలోని దొంగా, బ్రెజిల్ చీమపుట్టలోని దొంగా దాయాదులన్నమాట. వారి అమ్ములపొదికూడ ఉమ్మడిదే.

మన దేశంలో ఈ సేద్యం చరిత్ర చిన్నది. ఆనాటి మదరాసు రాజధానిలోని కోయంబత్తూరులో వరిగడ్డిమీద పుట్టగొడుగులు పెంచే పద్ధతిని థామస్, ఆయన సహచరులు 1940ల తొలినాళ్లలో రూపొందించి 1943లో ప్రకటించినారు. 1961లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో గుండీ పుట్టగొడుగుల పథకం మొదలైనది. 1983లో అక్కడే జాతీయ పరిశోధన కేంద్రం ఏర్పడినది. మన తెలుగు జిల్లాలలో వరిగడ్డికి కొరత లేదు కనుక, పాలిథీను సంచులలో గడ్డి నింపి ముత్యపుచిప్పవంటి పుట్టగొడుగులను పెంచే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. పెరటిలో చిన్న పాక, కొద్ది పెట్టుబడి, ఇంటి ఇల్లాలి శ్రమ. ఆ సంచిలో ఒక మూల పచ్చని మచ్చ పడితే అది ట్రైకోడెర్మా కావచ్చును.

ఇక్కడ మన రైతు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. వేరుశనగలో మొదలుకుళ్లును, మిరపనారులో కుళ్లును అరికట్టడానికి పశువుల ఎరువులో కలిపి మనము పొలానికి వేసే ఆకుపచ్చ పొడికూడ ట్రైకోడెర్మాయే. జాతి వేరు కావచ్చును, వంశం ఒక్కటే. వైండ్లింగ్ తొంభై యేండ్ల క్రింద చూచిన ఆ విషమూ, ఆ ఎంజైములూ పొలంలో మనకు మేలు చేస్తున్నవి. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే. పొలంలో చెడ్డ బూజును చంపే చేయి పాకలో మంచి బూజునుకూడ చంపగలదు. దానికి మంచి చెడ్డలు తెలియవు. కైటిన్ గోడ మాత్రమే తెలుసు. కాబట్టి ఒకే పెరటిలో రెండు పనులూ చేసే కుటుంబాలు ట్రైకోడెర్మా కలిపిన ఎరువును పుట్టగొడుగుల పాకకు దూరంగా మగ్గబెట్టవలెను. ఆ ఎరువును ముట్టిన చేతులతో, ఆ బట్టలతో పాకలోకి పోరాదు. గడ్డిని మరిగే నీటిలోగాని ఆవిరిలోగాని బాగుగా శుద్ధిచేయవలెను. పచ్చమచ్చ పడిన సంచిని పాకలోనే విప్పి చూడక, కదల్చకుండా బయటకు తెచ్చి పూడ్చివేయవలెను. ఒక సంచి పోయెనే అని దిగులుపడి దాచుకొన్నవారు పాకనంతా పోగొట్టుకొంటారు.

సున్నపుగనిలో దీపం పట్టుకొన్న పారిస్ కూలీ, ఆకుముక్కను మోసుకుపోయే బ్రెజిల్ చీమ, గడ్డిసంచికి దారం బిగించే మన ఇల్లాలు, ముగ్గురి శత్రువూ ఒకే ఇంటివాడు. చీమ ఇన్ని కోట్ల సంవత్సరాలలోను వానిని నిర్మూలించలేదు. ప్రతిదినము తోటను తడిమి చూచుకొంటూ, చెడిన ముక్కను ఆలస్యం చేయకుండా ఏరి బయట పారవేస్తూ తన పంటను నిలుపుకొన్నది. మందులు వస్తవి, పోతవి. ప్రతి ఉదయం పాకలోకి పోయి ఒక్కొక్క సంచిని పరికించే కన్ను మాత్రం సాగుదారుకు ఎప్పుడూ కావలసినదే.